నలభై రోజులు రాని సభ్యులు

ఉమ్మడి జాబితా, 1వ రోజు

ఈ దినచర్య గొప్పలు చెప్పుకోవడానికే మొదలుపెడుతున్నాను. దాచడం ఎందుకు? నా పేరు సుంకులమ్మ. కిందూరులో అంగళ్ళకు సభ్యత్వాలు అల్లిపెట్టడం నా పని. పైన ఎండకు మనిషి నిలవలేని కాలం వచ్చినప్పుడు మా తాతలు పాత నాపరాయి గనుల్లోకి దిగి కట్టుకున్న ఊరు ఇది. చూసిన మొహాలే చూడాలి, తిన్న అంగట్లోనే తినాలి. ఏ అంగడిలోనైనా కొత్త ముచ్చట కావాలంటే అంగడివాళ్ళు నన్నే వెతుక్కుంటూ వస్తారు.

ఈ రోజు గాలి కచేరీ నుంచి పిలుపొచ్చింది. గాలి కచేరీ అంటే ఊళ్ళో గదులన్నిటికీ గాలి పంపే ఆఫీసు. దానికి పెద్ద వన్నూరప్ప. నా గదిలోని గాలి కిటికీకి బూజు పట్టిందని తిడతాడేమో అనుకుంటూ వెళ్ళాను. ఆయన కుర్చీ జరిపి కూర్చోమన్నాడు. నేను అల్లిన ఇరవై ఏడు అంగళ్ళ సభ్యత్వాలనూ ఒక్క జాబితాగా కలిపి కచేరీకి ఇమ్మన్నాడు. నోరెళ్ళబెట్టి చూశాను.

కారణం ఉంది. పోయిన ఏడు పద్నాలుగు మంది చెప్పాపెట్టకుండా పక్క గనుల ఊళ్ళకు వెళ్ళిపోయారు. ఖాళీ గదులకు నెలల తరబడి గాలి వెళుతూనే ఉంది, బడిలో చివరి గదికి మాత్రం అందక ఇద్దరు పిల్లలు స్పృహ తప్పారు. అప్పటి నుంచి వన్నూరప్పకు కంటి మీద కునుకు లేదు. ఎవరున్నారో ఎవరు లేరో ఇక నుంచి కచేరీలోని యంత్రమే చూసుకోవాలని ఆయన పట్టుదల. ఆ యంత్రాన్ని ఊరంతా గుమాస్తా అంటుంది.

"నీ జాబితాల కన్నా నమ్మకమైన లెక్క ఈ ఊర్లో యాడుందమ్మా?" అన్నాడు వన్నూరప్ప.

నిజమే కదా. ప్రతి మనిషి మెడలోనూ బొటనవేలంత నాపరాయి బిళ్ళ ఉంటుంది. ఏ అంగడికి వెళ్ళినా గడప పక్కన దాన్ని నొక్కుతారు. అక్కడే కూర్చుని గంటలో నిబంధన రాసిచ్చాను. నలభై రోజులు ఏ అంగడిలోనూ బిళ్ళ నొక్కని మనిషి ఊరు వదిలినట్టే, గుమాస్తా ఆ మనిషి పేరు మీదున్న గది గాలి కిటికీ మూసేయవచ్చు. ముప్పై అంటే మరీ బిగువు, యాభై అంటే మరీ వదులు అనిపించి నలభై పెట్టాను.

అన్నట్టు, మా తమ్ముడు మద్దిలేటి ఈ రోజే అయ్యప్ప మాల వేసుకున్నాడు. ఈ ఏడు ఊరు మొత్తంలో మాల వేసింది వాడొక్కడే. ఇక నలభై ఒక్క రోజులు వాణ్ణి స్వామీ అని, మీరు అని పిలవాలట. వాడు నన్ను మాతా అంటాడట. నాకు నవ్వాగలేదు, వాడికి కోపం వచ్చింది.

9వ రోజు

పై గేటుకు కూడా నా రాతే వాడుతున్నారు. ఈ మాట రాస్తుంటే ఇప్పటికీ నమ్మబుద్ధి కావడం లేదు.

ఇది ఖాజాబీ అంగడి నుంచి పుట్టిన ఆలోచన. ఖాజాబీ బొరుగులతో ఉగ్గాని, దానికి జతగా బజ్జీ చేస్తుంది. ఆమెకు నేను అల్లిన సభ్యత్వం చాలా చిన్నది. ఆ రోజు వస్తానని చెప్పిన సభ్యుల్లో ఆఖరి మనిషి తినేదాకా ఉగ్గాని బాండలి కడగరు. అంతే. రాయితీలు, కానుకలు ఏమీ లేవు. తనకోసం ఒక బాండలి ఆగి ఉందనుకుంటే మనిషి ఎంత దూరం నుంచైనా వస్తాడు. మూడు నెలల్లో ఊరంతా సభ్యులైపోయారు.

వన్నూరప్ప దాన్ని గేటుకు పెట్టాడు. పైన సెగగాలి లేస్తే సైరన్ మోగుతుంది, పావుగంటలో గేటు మూసుకోవాలి. ఇదివరకు కాపలా మనిషి గుర్తున్నంతవరకు లెక్కపెట్టి మూసేవాడు. ఇప్పుడు పోయేటప్పుడూ వచ్చేటప్పుడూ గేటు దగ్గర బిళ్ళ నొక్కాలి, జాబితాలోని మనిషి ఒక్కడు బయట ఉన్నా గేటు మూసుకోదు. కాపలా మనిషిని తీసేశారు. ఊరంతా నన్ను ఆపి మరీ మెచ్చుకుంది. మా స్వామి కూడా మెచ్చుకున్నాడు, కళ్ళు మూసుకుని శరణం చెప్పుకుంటూ మధ్యలో ఒక కన్ను తెరిచి.

17వ రోజు

కంబగిరి మంగలి షాపు ముందు ఈ రోజు కొట్లాట జరిగింది. దానికి కారణం నేనే.

కంబగిరి మంచి కథకుడు. అందుకని అతని సభ్యులకు క్షవరంతోపాటు ఒక కథ చెప్పే ఏర్పాటు చేశాను. క్షవరం ముగిసేసరికి కథ సరిగ్గా మెలిక దగ్గర ఆగాలి. మిగతాది మళ్ళీ జుట్టు పెరిగాకే. ఇప్పుడేమైందంటే జుట్టు పెరగకుండానే మనుషులు కుర్చీ ఎక్కుతున్నారు. కథలో రాజకుమారి బావిలో పడి పన్నెండు రోజులైంది, తల మీద వెంట్రుక లేని ఇద్దరు పెద్దమనుషులు ఈ రోజు నా వంతంటే నా వంతని చొక్కాలు పట్టుకున్నారు. నేను నిర్ఘాంతపోయాను. కంబగిరి మాత్రం కత్తెర ఆడిస్తూ ఆనందంగా ఉన్నాడు.

కుమ్మరి గిడ్డయ్యకు రాసింది ఇంతకన్నా బాగుంది. నెలకొకసారి సభ్యులందరూ అతని చావడిలో కూర్చుంటారు. ఆరిన మట్టి మీద గిడ్డయ్య నీళ్ళు చిలకరిస్తాడు. తొలకరి వాసన వస్తుంది. కొందరు ఏడుస్తారు కూడా. ఇస్త్రీ నడిపెన్న దగ్గర ప్రతి సభ్యుడిదీ ఒక జత మడత నలగకుండా ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది, ఉన్నట్టుండి పెళ్ళిచూపులొస్తే పనికొస్తుందని. నిన్న శవాలను సాగనంపే ఆయన కూడా వచ్చి తనకూ ఏదైనా అల్లిపెట్టమన్నాడు. దణ్ణం పెట్టి పంపేశాను.

26వ రోజు

మా స్వామి గడ్డం దట్టంగా పెరిగింది. కంబగిరి నన్ను చూసినప్పుడల్లా మీ తమ్ముడికి కథ మీద ఆసక్తి పోయిందా అని దెప్పుతున్నాడు. మాలలో ఉన్నవాడు క్షవరం చేయించుకోడని అతనికి తెలియక కాదు, ఊరికే నన్ను కదిలించడానికి. ఖాజాబీ దగ్గర తినడు, నేను తెచ్చిన బియ్యం తానే వండుకుని ఒక పూట తింటాడు. నల్లబట్టలు తానే ఉతుక్కుంటాడు కాబట్టి నడిపెన్నతో పని లేదు. చెప్పులు తొడగడు కాబట్టి చెప్పులంగడితోనూ పని లేదు. గదిలోంచి పనికి, పనిలోంచి గదికి. వాడు రాయి కోసే చోట బిళ్ళ నొక్కే పద్ధతే లేదు.

"మీలాంటి స్వాములు పది మంది ఉంటే నా బతుకుతెరువు మూతపడుతుంది" అని ఆటపట్టించాను. శరణం అన్నాడు.

40వ రోజు

వన్నూరప్ప కచేరీ నుంచి లడ్డూలు పంపాడు. రేపు తెల్లవారగానే గుమాస్తా మొదటిసారి జాబితా శుభ్రం చేస్తుందట. పదకొండు పేర్లు పోతాయట. పదకొండు గదుల గాలి బడికి మళ్ళుతుంది. ఎవరో వెళ్ళిపోయినవాళ్ళు, వెళ్ళినచోట సుఖంగా ఉండనీ అనుకున్నాను. పేర్లు అడగలేదు. లడ్డూ తిన్నాను, రెండోది కూడా తిన్నాను.

41వ రోజు, ఉదయం

స్వామి గది గాలి కిటికీ రెక్క పడిపోయింది. కొద్దిగా ఉక్కగా ఉంది మాతా అన్నాడు. చీపురు పుల్లతో పొడిచాను, లేవలేదు. దుమ్ము పట్టి ఉంటుందని, సాయంత్రం కచేరీలో చెబుతానని అన్నాను.

ఈ రోజు దీక్ష ముగుస్తుంది. ఇరుముడి తల మీద పెట్టుకుని బయలుదేరాడు. కిందూరు వాళ్ళం శబరిమల దాకా పోలేం. పై గేటు దాటాక బయట కొండరాయిలో చెక్కిన పద్దెనిమిది మెట్లున్నాయి, వాటి పైన ఒక స్వామి విగ్రహం. అక్కడ నెయ్యి అభిషేకం చేసి దిగి వస్తే చాలు. తల మీద ముడి, వట్టి కాళ్ళు, నల్లబట్ట. వాణ్ణి చూస్తే నాకు మొదటిసారి నవ్వు రాలేదు.

నేను ఉగ్గాని తినడానికి ఖాజాబీ అంగడికి బయలుదేరుతున్నాను.

41వ రోజు, మధ్యాహ్నం

ఇది ఇప్పుడే రాయాలి. ఎవరైనా అడిగితే జరిగింది జరిగినట్టు ఉండాలి.

మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నప్పుడు సైరన్ మోగింది. కార్తీక మాసం పోయాక సెగగాలి రావడం అరుదు, అందరూ ఒక్కసారి తలెత్తారు. ఖాజాబీ అంగడి గోడ మీద గుమాస్తా బోర్డు ఉంటుంది. సైరన్ మోగగానే దాని మీద బయట ఉన్న సభ్యుల సంఖ్య పడుతుంది. ఈ రోజు సున్నా పడింది.

హమ్మయ్య అని అందరూ మళ్ళీ తినడం మొదలుపెట్టారు. నేనూ హమ్మయ్య అనుకున్నాను. ఇది నేను రాయకుండా దాచుకోవచ్చు, కానీ నిజంగా అనుకున్నాను. ఆ తర్వాత ముద్ద పళ్ళెంలో వదిలేసి లేచాను. నా తమ్ముడు బయట ఉన్నాడు.

ఫోన్ చేస్తే వన్నూరప్ప నింపాదిగా మాట్లాడాడు. గుమాస్తా చూసింది, బయట ఎవరూ లేరు, కంగారు పడొద్దు అన్నాడు. పొద్దున నేను నా కళ్ళతో పంపానని చెప్పాను. ఏ పేరు అన్నాడు. చెప్పాను. అటువైపు కాగితం తిరగేసిన చప్పుడైంది.

"సుంకులమ్మా, ఆ పేరు పొద్దున తీసేసిన పదకొండిట్లో ఉండాది" అన్నాడు.

క్షవరం లేదు, ఉగ్గాని లేదు, ఉతుకు లేదు, చెప్పుల్లేవు. వాణ్ణి రోజూ స్వామీ అని పిలిచిన నోటితోనే ఊళ్ళో లేడని రాసిచ్చాను. ఆ కిటికీ రెక్క దుమ్ముతో పడలేదు. నేను చీపురు పుల్లతో పొడిచింది నా నిబంధననే.

గేటు ఆపమని అరిచాను. చేత్తో ఆపే మీట లేదన్నాడు. కాపలా మనిషితోపాటు దాన్నీ తీసేశారు. పేరు మళ్ళీ ఎక్కించడానికి గంటన్నర పడుతుందన్నాడు. మూసుకోవడానికి ఇంకా ఎనిమిది నిమిషాలే ఉన్నాయి.

ఖాజాబీ నా పక్కనే నిలబడి అంతా వింటోంది. గరిటె కింద పెట్టి నా భుజం పట్టుకుంది.

"వాని కోసం ఆగదు సరే, నీ కోసం ఆగుతాది గదా. నువ్వు బయటికి పో."

తలకెక్కడానికి ఒక క్షణం పట్టింది. తర్వాత పరుగెత్తాను. నా వయసు నలభై మూడు, పరుగు మరిచిపోయి ఇరవై ఏళ్ళయింది. వెనక ఖాజాబీ, ఆమె వెనక కంబగిరి, అతని వెనక సగం క్షవరంతో ఒక పెద్దాయన. గేటు రెక్కలు దగ్గరికి వచ్చేస్తున్నాయి. సందులోంచి దూరి బయట బిళ్ళ నొక్కాను. రెక్కలు ఆగాయి. బోర్డు మీద ఒకటి పడిందని తర్వాత చెప్పారు.

బయట గాలి మొహాన కొట్టింది. పొయ్యి మూత తీసినట్టుంది. కొంగు మొహానికి చుట్టుకుని మెట్లెక్కాను. పైన మా వాడు కూర్చుని ఉన్నాడు. నెయ్యి అభిషేకం అప్పుడే పూర్తి చేసి ఇరుముడి బట్టను తీరిగ్గా మడత పెడుతున్నాడు. పెదాలు పగిలి నెత్తురు కారుతోంది. సైరన్ వినలేదా అని అరిచాను. విన్నాడట.

"నేను బయట ఉంటే గేటు ఆగుతాది గదా మాతా. రాసింది నువ్వే గదా" అన్నాడు.

వాడు భయపడలేదు. నా రాత మీద అంత నమ్మకంతో, ఆ సెగలో, బట్ట మడత పెట్టుకుంటున్నాడు. స్వామీ లేదు, మీరు లేదు, వాడి జబ్బ పట్టుకుని లేపాను.

"మద్దిలేటీ, లేరా. గేటుకు నువ్వెవరో తెలీదురా."

వాడు నా మొహం చూశాడు. బట్టను చంకలో పెట్టుకుని లేచాడు. దిగేటప్పుడు ప్రతి మెట్టు మీదా వాడి అరికాళ్ళు అంటుకుని లేస్తున్నాయి, మూడో మెట్టు తర్వాత వాడు శరణం చెప్పడం ఆపేశాడు. కింద గేటు సందు బయట ఖాజాబీ, కంబగిరి, ఆ పెద్దాయన వరుసగా నిలబడి ఉన్నారు, కళ్ళు మూసుకుని, గోడకు వీపులు ఆనించి. నేను స్పృహ తప్పితే యంత్రం నన్ను లెక్కపెడుతుందో లేదో అని అనుమానం వచ్చిందట. నలుగురి లెక్క ఉంటే నయమని బయటికొచ్చారట. మద్దిలేటిని ముందు లోపలికి తోసి మేం వెనక దూరాం. రెక్కలు మూసుకున్నాయి.

వాడి అరికాళ్ళు బొబ్బలెక్కాయి. డాక్టరు నడవనివ్వనన్నాడు. బతికాడు. ఆ మాట నాలుగుసార్లు నాలో నేను అనుకున్నాను.

అప్పుడు గుర్తొచ్చింది, మిగతావి పది పేర్లు.

41వ రోజు, సాయంత్రం

కచేరీలో వన్నూరప్ప జాబితా నా ముందు పెట్టాడు. పది మందిలో నిజంగా ఊరు వదిలినవాళ్ళు ముగ్గురే. మిగతా ఏడుగురూ ఎక్కడున్నారో నాకు తెలుసు. ఊళ్ళో ఎవరిని అడిగినా చెబుతారు. గుమాస్తాకు తెలియదు, ఎందుకంటే నేను చెప్పలేదు.

చెరి సగం వీధులు పంచుకుని తలుపులు తట్టుకుంటూ పోయాం. అన్ని గదుల్లోనూ కిటికీ రెక్క పడి ఉంది. తొడ ఎముక విరిగి మంచాన పడ్డ ఒకాయన పొద్దుటి నుంచి తలుపు తెరిపించుకుని, గడప వైపు మొహం పెట్టి పడుకున్నాడు. రెక్కను వాళ్ళబ్బాయి పగలగొట్టబోతుంటే, కచేరీ సొత్తని ఈయనే వద్దన్నాడట. మస్తాన్‌బీ భర్త పోయి మూడు నెలలు కాలేదు, ఇద్దత్‌లో ఉంది, ఆ గడువు తీరేదాకా గడప దాటకూడదు. తలుపు సందు దగ్గర చాప వేసుకుని కూర్చుంది. గాలి ఎందుకు ఆగిందో చెప్పాను. ఆమె కోప్పడలేదు. ఇద్దత్‌లో ఉన్న ఆడమనిషి అంగడికి ఎట్లా పోతుందో చెప్పమని మాత్రం అడిగింది, నిజంగా తెలుసుకోవాలన్నట్టు. నాకు సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది.

వీధి చివర ఈరమ్మ గది. నెలలు నిండినప్పటి నుంచి ఆ పిల్ల గడప దాటలేదు, ఇరవై రోజుల కింద కాన్పయింది. బాలింతకు గాలి తగలకూడదని వాళ్ళమ్మ తలుపు సందులకు గుడ్డలు కుక్కింది. గది లోపలికి అడుగు పెట్టగానే నాకు ఊపిరి బరువైంది. ఈరమ్మ మొహం చెమటతో తడిసి ఉంది, మాట ముద్దగా వస్తోంది. గుడ్డలు పీకి తలుపు బార్లా తెరిచాను. కుర్చీ ఎక్కి కిటికీ రెక్కను రెండు చేతులతో పైకి లేపాను. స్ప్రింగు బలంగా ఉంది, వదిలితే పడిపోతుంది. పట్టుకునే నిలబడ్డాను. చల్లటి గాలి లోపలికి వచ్చింది.

తన వీధులు ముగించి కచేరీకి చేరిన వన్నూరప్పకు ఫోన్ చేసి ఈరమ్మ పేరు ఎక్కించమన్నాను. ఎక్కిస్తున్నారు, ఇంకో గంట పడుతుంది, ఈలోగా రెక్క పట్టడానికి మనుషుల్ని పంపుతానన్నాడు. ఈరమ్మ నెమ్మదిగా లేచి గోడకు ఆనుకుని కూర్చుంది. జరిగిందంతా చెప్పాను, గేటు సంగతి కూడా. ఆ పిల్ల ఒళ్ళో పసిదాన్ని సర్దుకుంటూ వింది. తర్వాత అడిగింది.

"నా పేరు సరే అక్కా. బిడ్డ పేరు ఏ అంగడి జాబితాలో ఉండాది?"

జాబితాలన్నీ మనసులో ఒక్కొక్కటే తిరగేశాను.

ఏ అంగడిలోనూ లేదు. ఆ బిడ్డ ఉగ్గాని తినదు, క్షవరం చేయించుకోదు, కథ వినదు. ఈ రోజు తీసేసిన పదకొండిట్లోనూ లేదు, ఎందుకంటే అసలు ఎక్కించలేదు. ఈ గదికి వచ్చిన గాలి తల్లి పేరు మీద వచ్చింది. రేపు ఎవరైనా ఈ బిడ్డను ఎత్తుకుని బయటికి పోయి, వాళ్ళకేమైనా అయితే, బిడ్డ ఒక్కతే మిగిలితే, బోర్డు మీద సున్నా పడుతుంది. అంగడి గడప తొక్కే వయసు రాని పిల్లలు ఈ ఊళ్ళో ఎంతమంది? మళ్ళీ ఫోన్ చేసి వన్నూరప్పను అడిగాను. ఆ లెక్క కచేరీలోనూ లేదన్నాడు. నలభై రోజులుగా ఇద్దరం ఈ లెక్కను చూసుకుని మురిసిపోయాం. ఊళ్ళో పసిపిల్లలున్నారన్న సంగతి మాకిద్దరికీ తట్టలేదు.

జాబితా తీసేయమన్నాను. అన్ని కిటికీలూ తెరవమన్నాను, గేటు దగ్గర మనిషిని కూర్చోబెట్టమన్నాను. తీసేస్తే ఎవరున్నారో ఎవరు లేరో ఎట్లా తెలుస్తుందని ఆయన అడిగాడు. ఈ రోజు మనకు ఎట్లా తెలిసిందో అట్లాగే, తలుపు తట్టి అడిగితే తెలుస్తుందన్నాను. ఊరంతా తట్టాలంటే ఎన్ని రోజులు పడుతుందో తెలుసా అన్నాడు. ఎన్నైనా పట్టనీ, రేపటి నుంచి నేనూ వస్తానన్నాను.

ఇప్పుడు కుర్చీ మీద నిలబడి, ఎడమ చేత్తో రెక్క పట్టుకుని, ఈ పుస్తకాన్ని గోడకు ఆనించి కుడిచేత్తో రాస్తున్నాను. అక్షరాలు వంకరగా పోతున్నాయి. చెయ్యి లాగేస్తోంది. బిడ్డ నిద్రపోయింది, గాలికి దాని నుదుటి మీది వెంట్రుకలు కదులుతున్నాయి. కచేరీ వాళ్ళు ఇంకా రాలేదు. వచ్చేదాకా ఈ రెక్క వదలను.